మాడ్‌లు వేసి అమ్మే గేమింగ్ కంప్యూటర్లతో జాగ్రత్త

హైదరాబాదులో గేమింగ్ కంప్యూటరు కొని, మాడ్‌లు (ఆటను మార్చేందుకు అభిమానులు తయారుచేసే అదనపు ఫైళ్లు) కూడా దుకాణంవాళ్ల చేతనే వేయించుకోవాలనుకునేవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

2024 సంక్రాంతి తరువాత సికింద్రాబాదు ప్యారడైజ్ సమీపంలోని ఒక దుకాణంలో మా తమ్ముడికి కంప్యూటరు కొన్నాను. ఫాల్‌అవుట్ 4 ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో మేమే కొనుక్కున్నా, అందులో వందకు పైగా మాడ్‌లు ఎక్కించినందుకు వేరుగా 3,500 రూపాయలు తీసుకున్నారు. "ఇక మీరు దేన్నీ ముట్టుకోనక్కరలేదు సార్, ఎప్పటికీ ఇలాగే నడుస్తుంది" అని యజమాని మాట ఇచ్చాడు. బిల్లులో మాత్రం "సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్" అని ఒక్క ముక్క రాశాడు.

ఏప్రిల్ 25న ఆ ఆటకు పెద్ద అప్‌డేట్ వచ్చింది, స్టీమ్ దాన్ని తనంతట తానే వేసేసింది. మర్నాడు ఆట తెరవబోతే, వర్షన్ సరిపోలడం లేదని చెప్పే చిన్న పెట్టె ఒకటి కనిపించి అక్కడితో ఆగిపోయింది. దుకాణానికి ఫోన్ చేస్తే, మాడ్‌లన్నీ తీసేసి ఒకసారి తెరిచి సేవ్ చేయమన్నారు. తమ్ముడు అలాగే చేశాడు. మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఆటలో కట్టుకున్న ఊళ్లో మాడ్‌ల సామగ్రితో వేసిన ఇళ్లు, గోడలు, దీపాలు అన్నీ పోయి ఖాళీ నేల మిగిలింది. పాత సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైలు) మీదనే మళ్లీ సేవ్ చేయడంతో అవి తిరిగి రాలేదు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

జరిగిందేమిటో తరువాత తెలుసుకున్నాను. బొమ్మల రంగులూ రూపాలూ మార్చే మాడ్‌లు అప్‌డేట్లను చాలావరకు తట్టుకుంటాయి. కానీ ఎఫ్4ఎస్ఈ అనే ఉపకరణం ఆట ప్రోగ్రామ్‌లోని నిర్దిష్టమైన చోట్లను పట్టుకుని పనిచేస్తుంది కనుక, ప్రోగ్రామ్ మారి ఆ చోట్లు జరిగిపోగానే అదీ, దానిపై ఆధారపడిన మాడ్‌లూ ఆగిపోతాయి. వాటిని సరిచేయవలసినవారు జీతం లేకుండా తీరిక వేళల్లో పనిచేసే అభిమానులు. వారిలో ఎవరైనా పని మానేసి ఉంటే ఆ మాడ్ అంతటితో సరి. ఏప్రిల్ 23న రావలసిన ఫాల్‌అవుట్ లండన్ అనే భారీ మాడ్ కూడా ఈ అప్‌డేట్ కారణంగానే వాయిదా పడి జులై 25న విడుదలైంది. ఆ అభిమానులు ఉచితంగా ఇచ్చినదానికే దుకాణంవాడు నా దగ్గర డబ్బు పుచ్చుకున్నాడన్నది నాకు మరింత బాధ కలిగించింది.

డబ్బు తిరిగి అడిగితే "అప్‌డేట్‌కు మాకేం సంబంధం?" అన్నారు. బిల్లులో మాడ్‌ల ఊసే లేదు కనుక నా దగ్గర రుజువు లేకపోయింది. కనుక ఏం వేస్తున్నారో, అప్‌డేట్ వస్తే ఎవరు సరిచేస్తారో బిల్లు మీదే రాయించుకోండి; ఒప్పుకోకపోతే ఆ డబ్బు కట్టకండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇప్పటికే కొన్నవారు స్టీమ్‌లో ఆ ఆటకు "తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్" అన్న ఎంపిక పెట్టుకుని, ఆట ఫోల్డరునూ సేవ్‌లనూ వేరే డిస్కులోకి ఈ రోజే కాపీ చేసుకోండి. అప్‌డేట్ పడిపోయి ఉంటే, మాడ్‌లు మళ్లీ సరిపడేదాకా పాత సేవ్ మీద మాత్రం సేవ్ చేయకండి.