ఆరేళ్ల వాడకం తర్వాత: ఫార్మాట్ తప్పించిన రికవరీ పెన్‌డ్రైవ్

అప్‌డేట్ పడ్డాక కంప్యూటర్ లేవలేదంటే మా వైపు మొదట వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. పర్లాకిమిడిలో అదే, గుణుపురంలో అదే, సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లినా అదే. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పది సిస్టమ్‌లు ఫార్మాట్ చేస్తే వాటిలో చాలావాటికి ఆ అవసరమే ఉండదు. రెండు మూడు వందల కూలీ ఒకెత్తు, పోయే సరుకు ఒకెత్తు. ఇక్కడి ఇళ్లలో ఒకే సిస్టమ్ మీద తెలుగు శుభలేఖకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్; ఒడియా దరఖాస్తుకు ఆకృతి ఫాంట్లు; పిల్లల చదువుకు మరోటి. వీటిని మళ్లీ ఎక్కించుకోవడానికి పాత సీడీలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఫైళ్లు డీ డ్రైవ్‌లో భద్రంగానే ఉంటాయి, కానీ ఫాంటు లేకపోతే పాత శుభలేఖ తెరిచినా పిచ్చి గీతలే కనిపిస్తాయి. ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ నొక్కినా ఇంతే. అది ఫైళ్లను మాత్రమే ఉంచుతుంది, మనం ఎక్కించిన ప్రోగ్రామ్‌లన్నిటినీ తీసేస్తుంది. ఆ పేరు చూసి నమ్మి నష్టపోయినవాళ్లు ఎందరో.

అందుకే ఈ సమీక్ష విండోస్ మీద కాదు. విండోస్‌తోపాటే వచ్చే రికవరీ డ్రైవ్ అనే చిన్న సదుపాయం మీద: విండోస్ లేవనప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి సిస్టమ్‌ని లేపి మరమ్మతు చేసుకునేది. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఆరేళ్లుగా సొరుగులో ఉంది. మొదట విండోస్ 10, తర్వాత 11. సిస్టమ్ అసెంబుల్డ్ డెస్క్‌టాప్, సాటా ఎస్ఎస్‌డీ, ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డిస్క్‌ని చదవనివ్వని తాళం) లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తీర్పు దాని మీదే ఆధారపడి ఉంది.

తయారీ గురించి ఎక్కువ చెప్పను. స్టార్ట్‌లో ‘రికవరీ డ్రైవ్’ అని వెతికితే అదే దారి చూపిస్తుంది. సిస్టమ్ ఫైళ్లు కూడా వేయమని టిక్ పెడితే గంటో రెండు గంటలో పడుతుంది, పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది. ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. దీన్ని ఏడాదికోసారి మళ్లీ చేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోని పనిముట్లు పాతవై, డిస్క్‌లోని విండోస్ కొత్తదైతే కొన్ని పనులు మధ్యలో మొరాయిస్తాయి. నేను ఏటా దసరాకి, సిస్టమ్ దుమ్ము దులిపే రోజునే ఈ పని పెట్టుకున్నాను.

పెన్‌డ్రైవ్ పట్టుకునే ముందు సిస్టమ్ ఎక్కడ ఆగిందో చూడాలి. పవర్ నొక్కితే మదర్‌బోర్డు గుర్తు కూడా రాకపోతే అప్‌డేట్‌ని తిట్టుకోవడం వృథా. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించండి. బరంపురం, గోపాలపురం వైపు ఉప్పుగాలికి ఇది మామూలే. గుర్తు వచ్చి చుక్కల చక్రం తిరుగుతూ ఆగినా, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతున్నా అప్పుడు విండోస్ వంక చూడాలి. తుఫాను తర్వాతి కేసులు వేరు. తిత్లీ లాంటిది వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ నీరసించి ఉంటే బయోస్ సెట్టింగులు, అంటే విండోస్ కంటే ముందు మదర్‌బోర్డు చూసుకునేవి, మొదటికొస్తాయి. డిస్క్ మోడ్ (ఏహెచ్‌సీఐ, రెయిడ్ లాంటివి) మారిపోతుంది, నీలం తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని పడుతుంది. అదే వారం అప్‌డేట్ వచ్చి ఉంటే నింద దాని మీదకే పోతుంది. బయోస్‌లోకి వెళ్లి తేదీ చూడండి. పాత సంవత్సరం కనిపిస్తే సెల్ మార్చి, డిస్క్ మోడ్ ముందున్నట్టు పెట్టండి. ఫార్మాట్ అక్కర్లేదు.

మొదటి నాలుగేళ్లూ నా ఓటు ఒకే మీటకు: ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దాటి లోపలికి వెళ్తే కనిపిస్తుంది. నెలనెలా వచ్చే అప్‌డేట్ అయితే క్వాలిటీ అప్‌డేట్, ఏడాదికి వచ్చే పెద్దదైతే ఫీచర్ అప్‌డేట్. ఏది ఆఖరుగా పడిందో అది తీసేస్తుంది. పది, ఇరవై నిమిషాల్లో సిస్టమ్ నిన్నటి స్థితికి వస్తుంది. ఫాంట్లు, పేజ్‌మేకర్, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు ఎక్కడివక్కడే. పెద్ద అప్‌డేట్ తీయడానికి మాత్రం 10 రోజులే గడువు. ఆ గడువు దాటితే విండోస్ పాత ఫైళ్లను తుడిచేసుకుంటుంది. సిస్టమ్ బాగున్నప్పుడు డిజం (dism) అనే విండోస్ మరమ్మతు కమాండ్‌తో దీన్ని 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. పొడిగించుకోండి, డిస్క్‌లో చోటు ఉంటే.

ఇంతకాలం ఈ మీటను అందరికీ పొగుడుతూ వచ్చాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. అసలు పెద్ద దెబ్బ తగిలిన రోజు ఆ మీట పనిచేయలేదు.

ఏప్రిల్ సాయంత్రం, కాలబైశాఖి గాలివాన. సిస్టమ్ అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయి ముప్పై ఎంతో శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క కూత పెట్టి తనూ పోయింది. లోపలి 12 వోల్టుల బ్యాటరీకి మూడో ఏడు, దాని ఆయుష్షు మామూలుగా రెండు మూడేళ్లే. కరెంటు వచ్చాక సిస్టమ్ లేచింది, ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అంది, రీస్టార్ట్ అయింది, మళ్లీ అదే మాట. రాత్రంతా వదిలేసినా అదే చక్రం.

పెన్‌డ్రైవ్ వెనక పోర్టులో పెట్టి బూట్ మెనూలోంచి ఎక్కాను. ముందు భాగంలోని పోర్టులు సన్నటి కేబుల్ మీద నడుస్తాయి, ఇలాంటప్పుడు వాటిని నమ్మకూడదు. స్టార్టప్ రిపేర్ కాసేపు తిరిగి తన వల్ల కాదంది. అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కితే, సమస్య ఎదురైంది, తీయలేను అంది. ‘ఇక ఫార్మాటే’ అనేది సరిగ్గా ఇక్కడే.

కారణం తెలిస్తే ఆ మాట రాదు. విండోస్ నడుస్తుండగానే కొత్త ఫైళ్లను ఒక గోదాములో పేర్చుకుంటుంది. రీస్టార్ట్ సమయంలో వాటిని అసలు చోట్లకు మార్చి, రిజిస్ట్రీ సర్దుతుంది. ఇంకా ఏమేం చేయాలో ఒక జాబితా రాసుకుంటుంది. కరెంటు పోతే ఆ జాబితా సగంలో ఆగుతుంది. ప్రతి బూట్‌లోనూ అది మళ్లీ మొదలుపెడుతుంది, తట్టుకుంటుంది, వెనక్కి తగ్గుతుంది. పని మధ్యలో ఉన్న అప్‌డేట్‌ని తీసేయమంటే ఆ మీట ఎలా తీస్తుంది? అది ఇంకా పూర్తిగా పడనే లేదు. ముందు ఆ జాబితాను రద్దు చేయాలి.

దానికి దారి కమాండ్ ప్రాంప్ట్. అక్కడ మొదటి పొరపాటు అందరూ చేసేదే: విండోస్ ఉన్నది సీ డ్రైవ్ అనుకోవడం. రికవరీలో అక్షరాలు మారిపోతాయి, మన సీ అక్కడ డీ కావచ్చు, ఈ కావచ్చు. సులువైన పద్ధతి ఒకటుంది. ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టండి. అది తెరుచుకుంటుంది. ఫైల్, ఓపెన్ నొక్కి కింద ‘ఆల్ ఫైల్స్’ పెడితే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. విండోస్, యూజర్స్ అనే ఫోల్డర్లు ఎక్కడుంటే అదే మనది. ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి ఇదే కిటికీలోంచి ఫోల్డర్‌ని కాపీ చేసి అందులో పేస్ట్ చేసుకోవచ్చు. ఏ మరమ్మతూ మొదలుపెట్టకముందే ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీసుకోండి. ఇంత పనికొచ్చే సంగతి దుకాణాల్లో ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. కాపీ అవుతున్నంతసేపు శాతం చూపించదు, కిటికీ బిగుసుకుపోయినట్టుంటుంది. ఓపిక పట్టాలి.

తర్వాత డిస్క్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ (chkdsk అని కొట్టాలి). పేరు, ఖాళీ, డ్రైవ్ అక్షరం, కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్. కరెంటు పోటుకి ఫైల్ సిస్టమ్ దెబ్బతిని ఉంటే దాని మీద ఏ మరమ్మతూ నిలవదు. అది అయ్యాక అసలు కమాండ్: డిజం, ఖాళీ, స్లాష్ ఇమేజ్ కోలన్, డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, ఖాళీ, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, ఖాళీ, స్లాష్ రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్. ఆఖరి మూడు మాటలూ కలిపే కొట్టాలి. చోటు చాలలేదని అంటే విండోస్ ఉన్న డ్రైవ్‌లోనే ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, స్లాష్ స్క్రాచ్‌డిర్ (scratchdir) కోలన్ అని దాని దారి ఇవ్వండి. రికవరీ నడిచే ఎక్స్ డ్రైవ్ ర్యామ్‌లో ఉంటుంది, అందులో జాగా తక్కువ.

కమాండ్ నిమిషంలో అయిపోతుంది. అసలు గండం ఆ తర్వాత. పని పూర్తయింది అని తెర మీద పడుతుంది కానీ, దాని పక్కనే ఇంకో ముక్క ఉంటుంది: వెనక్కి తీసే పని రీబూట్ తర్వాత జరుగుతుందని. అంటే ఇప్పటిదాకా జరిగింది ఉత్తర్వు మాత్రమే. రీస్టార్ట్ చేశాక నల్ల తెర, తిరిగే చుక్కలు, నలభై నిమిషాలు. శాతం లేదు, మాట లేదు. చాలామంది ఇక్కడే ఓపిక నశించి పవర్ మీట నొక్కి పట్టుకుంటారు. అప్పుడు నిజంగానే చెడుతుంది. క్యాబినెట్ మీది డిస్క్ దీపం చూడండి. అది మిణుకుమంటున్నంతసేపు పని నడుస్తున్నట్టే. పాత హార్డ్‌డిస్క్ అయితే రెండు గంటలైనా వదిలేయాలి. ఆ నలభై నిమిషాలూ అయ్యాక లాగిన్ తెర వచ్చింది. అను ఫాంట్లు ఉన్నాయి, ఆకృతి ఉంది, శుభలేఖ తెరిస్తే అక్షరం చెక్కుచెదరలేదు. ఆరేళ్లలో ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చినంత సంతోషం ఇంకే సామానూ ఇవ్వలేదు.

వీడియోలు చూసి ఆ జాబితా ఫైల్ని చేత్తో తుడిచేసేవాళ్లున్నారు. వద్దు. సిస్టమ్ అప్పటికి లేవొచ్చు, కానీ గోదాములో లెక్క తప్పుతుంది, తర్వాతి అప్‌డేట్లు పడక చివరికి ఫార్మాట్ దగ్గరికే చేరుస్తుంది.

లేచాక అప్‌డేట్లను కొన్ని వారాలు పాజ్ చేయండి, లేకపోతే అదే రాత్రి అదే అప్‌డేట్ మళ్లీ దిగుతుంది. ఆ వ్యవధిలో యూపీఎస్ బ్యాటరీ మార్చండి. ఇంటి ఇన్వర్టర్ మీదే సిస్టమ్ నడిపితే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటుకే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పెన్‌డ్రైవ్ ఎందుకు, డిస్క్‌లోనే రికవరీ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. విండోస్ వరుసగా రెండు సార్లు లేవకపోతే అదే తెరుచుకుంటుంది కూడా. కానీ దాన్నీ అప్‌డేట్లు ముట్టుకుంటాయి. 2024 జనవరిలో రికవరీ విభజనలో (పార్టిషన్) 250 ఎంబీ ఖాళీ లేని సిస్టమ్‌లలో అప్‌డేట్ పడక ఎర్రర్ ఇచ్చింది. 2025 అక్టోబర్ 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ తర్వాత రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. తెర వచ్చింది, నొక్కడానికి ఏమీ లేదు. సవరణ 20వ తేదీన వచ్చింది. ఆ ఆరు రోజులూ పనికొచ్చినవి ముందే చేసి పెట్టుకున్న రికవరీ పెన్‌డ్రైవ్, గుండ్రటి పిన్నున్న పాత పీఎస్2 కీబోర్డు. ఆ కీబోర్డుని పాత సామాన్లవాడికి వేయకండి.

ఇక ఈ పెన్‌డ్రైవ్ చేతులెత్తేసే చోట్లు. ఎస్ఎస్‌డీయే చనిపోతుంటే చెక్‌డిస్క్ మధ్యలో బిగుసుకుపోతుంది, బయోస్‌లో డిస్క్ ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంది. అప్పుడు ఫైళ్లు తీసుకోవడమే పని, మరమ్మతు కాదు. రెండోది ఎన్‌క్రిప్షన్. కొత్త ల్యాప్‌టాప్‌లలో, విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా ఎక్కించిన సిస్టమ్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే పడుతుంది. అలాంటి డ్రైవ్ తెరవాలంటే 48 అంకెల కీ కావాలి, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ఆ కీ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద తెరిచారో చాలా ఇళ్లలో గుర్తుండదు, దుకాణంవాడే తెరిచి ఇచ్చి ఉంటాడు. కీ లేకపోతే ఇంతసేపూ చెప్పిన కమాండ్లలో ఒక్కటీ ఆ డ్రైవ్‌ని ముట్టుకోలేదు.

కాబట్టి నా తీర్పు నా సిస్టమ్ వరకే: ఎన్‌క్రిప్షన్ లేని డెస్క్‌టాప్, విడిభాగం కావాలంటే బరంపురం బస్సెక్కాల్సిన ఊరు, మళ్లీ దొరకని పాత ఫాంట్లు. ఇలాంటి చోట ఇది లేకుండా నేను అప్‌డేట్ మీట నొక్కను. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు, ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నవాళ్లు రీసెట్ చేసుకున్నా పెద్దగా పోయేదేమీ ఉండకపోవచ్చు. వాళ్లు మాత్రం ఈ సాయంత్రమే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, బిల్లుతో పాటు పెట్టుకోవాలి.