కర్రీ పాయింట్‌కి గిరాకీ కావాలంటే కరపత్రమా, మ్యాప్సా, వాట్సాపా?

విశాఖ మధురవాడలో మా ఆవిడా నేనూ కర్రీ పాయింట్ పెట్టి ఏడాదిన్నర అవుతోంది. మొదటి రెండు నెలలు సాయంత్రం ఏడింటికల్లా కూరలన్నీ సర్దేసి రోడ్డు వంక చూస్తూ కూర్చునేవాళ్లం, మిగిలిన పప్పు రాత్రి మేమే తినేవాళ్లం. అందరూ తలో సలహా ఇచ్చారు, నేను మూడూ చేసి చూశాను.

ముందు కరపత్రాలు. రెండు వేలు కొట్టించి పేపర్ వేసే కుర్రాడికి ఇచ్చాను. కోచింగ్ సెంటర్ వాళ్లదీ పళ్ల డాక్టర్‌దీ మధ్యలో మాదీ పడింది. తర్వాత అర్థమైంది ఏమిటంటే, మా దగ్గర కూర కొనేది రుషికొండ వైపు ఆఫీసులకెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చే కుర్రాళ్లూ కొత్తగా పెళ్లైనవాళ్లూ, వాళ్లలో ఎంతమంది ఇంటికి పేపరొస్తుంది? పట్టుమని పది మంది రాలేదు. అయితే ఒక పెద్దాయన మాత్రం కరపత్రం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చి, "బాబూ, ఉప్పు తక్కువున్న కూర ఏదైనా ఉందా?" అని అడిగాడు. అప్పట్నుంచి రోజూ వస్తాడు.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. బోర్డు, లోపలి వంటగది కనిపించేలా వీడియో తీసి పంపితే వెరిఫై చేశారు. ఎవరైనా "కర్రీ పాయింట్ నియర్ మీ" అని కొడితే వాళ్లకి మనం ఎంత దగ్గర, అడిగినదానికి ఎంత సరిపోతాం, ఎంత పేరుంది అని చూసి చూపిస్తుందట, కాబట్టి కిలోమీటరు లోపల మనలాంటి చిన్నవాళ్లకీ చోటుంటుంది. నేను చేసిన తప్పొకటి చెప్తాను. పిన్ను మా రోడ్డు మీద కాకుండా వెనక సందులో పెట్టాను. వారం రోజులు ఒకటే ఫోన్లు, "ఇక్కడ ఖాళీ సైటూ రెండు గేదెలూ ఉన్నాయండీ" అని. పిన్ను సరిచేశాక మాత్రం ఆ చుట్టుపక్కల కొత్తగా అద్దెకు దిగినవాళ్లంతా అలాగే వచ్చారు. ఇంకోటి, ఐదు స్టార్లు ఇస్తే రసం ఫ్రీ అని మాత్రం పెట్టకండి, గూగుల్ ఒప్పుకోదు.

కానీ మ్యాప్స్ మనిషిని ఒకసారి తెచ్చి వదిలేస్తుంది, రేపు మళ్లీ గుర్తుచేయదు. ఆ పని వాట్సాప్‌ది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మెనూ వేస్తే అడ్మిన్ తీసేస్తాడు, మనకీ మర్యాద కాదు. కౌంటర్ దగ్గర "మా నంబర్ సేవ్ చేసుకోండి, రోజూ మెనూ పంపిస్తాం" అని అడగడం మొదలుపెట్టాం. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకే పడతారు, పైగా మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది, అంటే అడిగి చేర్చుకోవాల్సిందే. సాయంత్రం నాలుగున్నరకి ఒక్క మెసేజ్, అంతే. గుడ్ మార్నింగులు పంపామా, బ్లాక్ చేస్తారు. "రెండు పప్పు, ఒక గుత్తొంకాయ తీసిపెట్టండి" అని ఆరింటి లోపే జవాబులొస్తాయి, దాన్ని బట్టి రెండో వాయి ఎంత వండాలో మా ఆవిడ లెక్క వేసుకుంటుంది. గిరాకీ పెరగడం కంటే పారేసేది తగ్గడమే మాకు ఎక్కువ కలిసొచ్చింది.

నన్నడిగితే రోజూ కొనే సరుకుకి వాట్సాపే మేలు, కానీ ఆ నంబర్లు సంపాదించిపెట్టేది మ్యాప్స్ కాబట్టి అది ముందు చేయాలి. ఏసీ రిపేరు, ప్లంబింగ్ లాంటి ఏడాదికోసారి అవసరమయ్యే పనికైతే మ్యాప్స్ ఒక్కటే చాలు, రోజూ మెసేజ్ పెడితే విసుక్కుంటారు. కరపత్రాలు షాపు తెరిచిన రోజున చుట్టుపక్కల నాలుగు వీధుల్లో చేతికిచ్చి నాలుగు మాటలు మాట్లాడితే పనికొస్తాయేమో గానీ, నేనైతే మళ్లీ పేపర్లో పెట్టించను.

నిన్న ఆవ పెట్టిన పనసపొట్టు కూర అని మెసేజ్ పెడితే ఏడింటికల్లా గిన్నె ఖాళీ. పెద్దాయనకి వాట్సాప్ లేదు, ఆయన వాటా ముందే తీసి పక్కన పెట్టింది మా ఆవిడ.