కరెంటు తీగల మీద నడిచే స్విచ్ కిట్: పర్లాకిమిడి పాత ఇంట్లో వాడి చూశాక

ముందే చెప్పేస్తాను, ఈ కిట్టుకి నేను అయిదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నర వస్తువు నాసిరకమైనందుకు కాదు. అది సరిగ్గా నడవాలంటే తప్పనిసరిగా కావలసిన ఫిల్టర్లని (టీవీలూ చార్జర్లూ సిగ్నల్‌ని చెడగొట్టకుండా ఆపే ప్లగ్గులు) డబ్బాలో పెట్టకుండా అమ్ముతున్నందుకు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో పాతకాలపు పెంకుటిల్లు, వెనక తర్వాత వేసిన స్లాబు గదులు రెండు. ముందు భాగంలో గోడలు మూరెడు మందం. హాల్లో పెట్టిన వైఫై రెండో గోడ దాటేసరికి నీరసపడిపోతుంది. అందుకే వైఫై బల్బులూ, వైఫై ప్లగ్గులూ మాకు అచ్చిరాలేదు. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక, మంచం మీద నుంచే తన గది లైటు, వరండా లైటు, వెనక బాత్రూమ్ లైటు వేసుకునే ఏర్పాటు కావలసి వచ్చింది. కొత్తగా స్విచ్చులు బిగించాలంటే సున్నం గోడలు తవ్వాలి, ఆ దుమ్ము ఆవిడకి పడదు. యూరప్‌లో ఉండే మా మరిది వస్తూ వస్తూ ఎక్స్‌టెన్ (X10) పద్ధతిలో పనిచేసే కిట్ తెచ్చాడు. చేతి రిమోట్టు ఒకటి, ఆ రిమోట్టు చెప్పింది అందుకుని కరెంటు లైన్లోకి పంపే రిసీవర్ ప్లగ్గు ఒకటి, లైట్లకి తగిలించే మాడ్యూళ్లు మూడు. విడిగా తీగలక్కర్లేదు, ఇంట్లో ఉన్న కరెంటు తీగలే దారి.

ఇది నిన్న మొన్నటిది కాదు. 1975లో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ తయారుచేసిన పద్ధతి. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి దీని పనితనం నాకు ముచ్చటేసింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే వోల్టేజి సెకనుకి 100 సార్లు సున్నాని దాటుతుంది. సరిగ్గా ఆ దాటే క్షణం చూసి 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని ఒక్క మిల్లీసెకను పాటు లైన్లోకి వదులుతారు. ఒక దాటులో సిగ్నల్ వచ్చి తర్వాతి దాటులో రాకపోతే అది ‘ఒకటి’ అనే గుర్తు. ముందు రాకుండా తర్వాత వస్తే ‘సున్నా’ అనే గుర్తు. ఇంటి కోడు (మన కిట్‌కి పెట్టుకున్న గుర్తు), లైటు నంబరు, వెయ్యాలా ఆర్పాలా అన్న ఆజ్ఞ, అన్నీ రెండేసి సార్లు పంపేసరికి దాదాపు ఒక సెకను పడుతుంది. అందుకే నొక్కీ నొక్కగానే వెలగదు. అత్తగారు కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కేసేవారు. "బేగి వెలగదా ఇది?" అని విసుక్కునేవారు. ఆ సెకను ఆలస్యం మాత్రం ఏ ఫిల్టరూ తీర్చలేదు.

అసలు గొడవ వేరే. పగలంతా బుద్ధిగా పనిచేసే లైట్లు సాయంత్రం సీరియళ్ల వేళకి మొండికేసేవి. ఆవిడ గదిలో టీవీ ఆన్ చేస్తే చాలు, వరండా లైటు పలకదు. ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఒడియా వాడు, నన్ను మాఉసీ (పిన్ని) అంటాడు. మాడ్యూలు అటూ ఇటూ తిప్పి చూసి "మాఉసీ, మాల్ ఖరాప్" అని తేల్చేశాడు. నాకు నమ్మకం కలగలేదు. చెడిపోయినదైతే పగలు కూడా చెడిపోయే ఉండాలి కదా. మాడ్యూలునీ రిసీవర్‌నీ ఒకే స్విచ్ బోర్డులో పక్కపక్కన పెట్టించాను. టీవీ నడుస్తున్నా సరే, నొక్కినప్పుడల్లా వెలిగింది. అంటే రెండూ మంచివే, మధ్య దారిలోనే ఏదో తినేస్తోంది. ఈ కిట్ కొన్నవాళ్లు ఎవరైనా కంప్లయింట్ రాసే ముందు ఈ ఒక్క పరీక్ష చెయ్యాలి.

ఆ తర్వాత మెయిన్ బోర్డులో ఎంసీబీలు (ఒక్కో లైనుకీ ఉండే స్విచ్చులు) ఒక్కొక్కటే దించుతూ లైటు వేసి చూశాం. ఏది దించితే వెలిగిందో ఆ లైను మీద ఉన్న ప్లగ్గులు ఒక్కొక్కటే పీకాం. నింపాదిగా చెయ్యాల్సిన పని, కుర్రాళ్లకి ఓపిక ఉండదు. దొంగలు రెండు రకాలని తేలింది.

మొదటి రకం సిగ్నల్‌ని మింగేసేవి. టీవీ, కంప్యూటర్ లాంటివాటి లోపల, కరెంటు లైనుకి అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. తమ చెత్త బయటికి పోకుండా పెట్టుకున్నదే అది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అనుకోండి, 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 30 వేల ఓములకి పైనే, కాబట్టి మామూలు కరెంటుకి అది ఉన్నట్టే లెక్క కాదు. అదే 120 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 13 ఓములే. మన సిగ్నల్‌కి అది తెరిచిన తూము. టీవీ స్టాండ్‌బైలో ఉన్నా ఈ మింగుడు ఆగదు. మేం పగలు గోడ దగ్గర స్విచ్ ఆపేస్తాం కనకనే పగలు బాగుండేది.

రెండో రకం రొద పెట్టేవి. చవక ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్, వరండా గేటు దగ్గర పెట్టిన ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు. వీటి లోపల కరెంటుని సెకనుకి వేలసార్లు తెంచి కలిపే సర్క్యూట్ ఉంటుంది, దాని హోరు లైన్లోకి వచ్చేస్తుంది. పెళ్లి పందిట్లో మైకు హోరులో చెవిలో మాట చెప్పినట్టు అవుతుంది మాడ్యూలు పరిస్థితి. వీటిని పట్టుకోవడానికి పాత రేడియో పనికొచ్చింది. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, రేడియోని చార్జర్ దగ్గరికి తీసుకెళ్తే గర్రుమంటుంది. రేడియో వినే సిగ్నల్, మన సిగ్నల్ ఒకటి కావు గానీ, రొద ఎక్కువ పెట్టేవాడెవడో చెప్పడానికి అది చాలు. ఫ్లడ్‌లైటు దగ్గర మా రేడియో పెట్టిన గోలకి పక్కింటివాళ్లు తొంగి చూశారు.

మందు ఏమిటంటే ప్లగ్ ఫిల్టరు. వస్తువుకీ గోడకీ మధ్య పెడితే అటు రొద ఇటు రాదు, ఇటు సిగ్నల్ అటు పోదు. ఒక్కొక్క వస్తువుకీ ఒకటి కొనక్కర్లేదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, చార్జర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి, ఆ బోర్డుకి ఒక్క ఫిల్టరు పెట్టాం. ఫిల్టరు మీద రాసిన ఆంపియర్లు దాటకుండా చూసుకుంటే చాలు. గీజరు, ఇస్త్రీపెట్టె ఆ బోర్డు మీద పెట్టకండి. ఫ్లడ్‌లైటుకి ప్లగ్గు లేదు కాబట్టి దాన్ని తీసేసి మంచి డ్రైవర్ (లోపల ఎల్‌ఈడీకి కరెంటు సర్దే సర్క్యూట్) ఉన్నది వేయించాం. ఫిల్టర్లు కూడా మరిదే పార్సిల్ పంపాల్సి వచ్చింది. ఇక్కడ గానీ, బరంపురంలో నేను అడిగిన షాపుల్లో గానీ ఆ పేరు చెబితే వాటర్ ఫిల్టర్లు చూపించారు.

ఇంతా అయ్యాక కూడా వెనక బాత్రూమ్ లైటు తన ఇష్టం వచ్చినప్పుడే వెలిగేది. కారణం త్రీఫేజ్, అంటే ఇంటికి మూడు వేర్వేరు కరెంటు తీగలు రావడం. మా ముందు గదులు ఒక ఫేజ్ మీద, వెనక స్లాబు గదులు ఇంకో ఫేజ్ మీద ఉన్నాయి. సిగ్నల్ ఒక ఫేజ్ నుంచి ఇంకో ఫేజ్‌కి చేరాలంటే వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి తిరిగి రావాలి. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. దీనికి, సిగ్నల్‌ని ఒక ఫేజ్ నుంచి ఇంకోదానికి దాటించే ఫేజ్ కప్లర్ అని ఒకటి అమ్ముతారు. కుర్రాడు "ఫ్యాన్ కెపాసిటర్ పెట్టేద్దాం" అన్నాడు. వద్దుగాక వద్దన్నాను. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుంటాయి, అందుకని తయారైనదే, దాని ఎంసీబీ దానికి పెట్టి, లైసెన్సున్న మనిషి చేత బిగించుకోవాలి. మేం కప్లర్ కొనలేదు. మనలాంటి ఇళ్లలో అంతకంటే తేలిక దారి ఒకటుంది, అది కిట్ పుస్తకంలో రాయరు. ఇన్వర్టర్ లైను.

గాలివాన వస్తే ఇక్కడ కరెంటు పోవడం మామూలు, ఇన్వర్టర్ ఉన్న ఇళ్లు చాలా. ఇన్వర్టర్ లైను మొత్తం ఒకే ఫేజ్. స్లాబులో ఉన్న పైపులోంచే ఆ లైనుని బాత్రూమ్ బోర్డుకి లాగించి, రిసీవర్‌ని కూడా అదే లైను మీదికి మార్చాం. న్యూట్రల్ కూడా దాని వెంటే రావాలి, ఇంకో చోటిది అంటిస్తే ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పితే లైను కట్ చేసే స్విచ్) పడిపోతుంది. దీంతో ఇంకో లాభం ఉంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ లోపలి రిలే (దానంతటదే మారే స్విచ్) ఇంటి లైట్లని బయటి లైను నుంచి విడదీస్తుంది. రిసీవర్ బయటి లైను మీదే ఉండిపోతే చీకట్లో, అసలు అవసరమైనప్పుడే, రిమోట్టు పనికిరాదు. మా పాత ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (కరెంటు అలని నున్నగా కాక మెట్లుమెట్లుగా ఇచ్చేది), దాని మీద మాడ్యూళ్లు పేచీ పెట్టేవి. బ్యాటరీ మార్చే అదనులో సైన్ వేవ్‌ది (మామూలు కరెంటులా నున్నటి అల ఇచ్చేది) తీసుకున్నాక సర్దుకున్నాయి. బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు అప్పుడప్పుడు ఒక నొక్కుడు వృథా అవుతుంది, అంతే.

చిల్లర ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఆర్పినా ఎల్‌ఈడీ బల్బు మసగ్గా మిణుకుమంటుంది, మాడ్యూలు లోపలి నుంచి కొంచెం కరెంటు కారుతుంది కాబట్టి. యూరప్ ప్లగ్గు మన సాకెట్లో పట్టినా ఎర్త్ తగలదు, సరైన అడాప్టర్ కావాలి. ఆజ్ఞ చేరిందో లేదో మాడ్యూలు తిరిగి చెప్పదు, చూసి తెలుసుకోవలసిందే. ఇతరులు వాడకుండా ఆపే పాస్‌వర్డ్ లాంటి తాళం ఏమీ లేదు కాబట్టి తలుపులకీ, మోటారుకీ దీన్ని నేనైతే పెట్టను.

కొత్త ఫ్లాటు, పలచటి గోడలు, మంచి వైఫై ఉన్నవాళ్లకి ఇది దండగ. మందపు గోడలుండి, ఇంట్లో పెద్దవాళ్లుండి, గోడలు తవ్వడం ఇష్టం లేనివాళ్లు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. కిట్ ఖరీదులో సగమైనా ఫిల్టర్లకి పక్కన పెట్టుకోండి. డబ్బా మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. అమెరికా నుంచి చుట్టాలెవరైనా తెస్తామంటే వద్దనండి, అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడ కాలిపోతాయి. మొన్న మరిది ఫోన్ చేసి ఈసారి ఏం తేవాలని అడిగితే, ఫిల్టర్లు రెండు, మాడ్యూలు ఒక్కటి కూడా వద్దని చెప్పాను.