ఒకే తాళంతో పాత కారు కొంటున్నారా? జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లకి ఒక మాట. రెండో తాళం ఇవ్వకపోతే బేరంలో కనీసం ఏడెనిమిది వేలు తగ్గించమని అడగండి. నేను అడగలేదు, అనుభవించాను.

నాది 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు. మూడేళ్ల క్రితం విజయవాడలో ఒక కన్సల్టెన్సీ దగ్గర 1,85,000కి కొన్నాను. టైర్లు చూశాను, ఆయిల్ మూత తీసి చూశాను, మా బావమరిది వంగి ఛాసిస్ నంబరు కూడా సరిచూశాడు. తాళం మాత్రం ఒక్కటే ఇచ్చారు. "రెండోది ఓనర్ గారి దగ్గరుందండీ, పంపిస్తారు" అన్నారు. ఆ ఓనర్ గారు ఇంకా పంపిస్తూనే ఉన్నారు.

కార్తీక మాసంలో కృష్ణ స్నానానికి వెళ్లి, పంచె రొంటిన దోపుకున్న తాళాన్ని నదిలో పోగొట్టుకున్నాను. అందరూ దీపాలు వదిలారు, నేను తాళం వదిలాను.

స్టీరింగ్ లాక్ పడి ఉంది కాబట్టి తాడు కట్టి లాగే వీలు లేదు. బండి మీద ఎక్కించి సర్వీస్ సెంటర్‌కి చేర్చడానికే 2,500. అక్కడ ఆర్‌సీ, ఆధార్, పోలీసు ఫిర్యాదు కాపీ అడిగారు. అది న్యాయమే, లేకపోతే దొంగ కూడా వెళ్లి తాళం చేయించుకుంటాడు. ఎస్టిమేట్ చూశాకే కళ్లు తిరిగాయి: 31,400. తాళాలన్నీ పోయాయి కాబట్టి డోర్ లాకులతో సహా లాక్‌సెట్ మొత్తం, ఇమ్మొబిలైజర్ బాక్సు (వేరే తాళం పెడితే ఇంజిన్‌ని నడవనివ్వని పరికరం) మార్చాలట, ఆపైన ప్రోగ్రామింగ్. పాత మోడల్ కాబట్టి పార్టులకు ఇరవై రోజులు. డబ్బు మొత్తం ముందే కట్టాలి, తిరిగి ఇవ్వరు. "తాళం ఒక్కటే చేయించలేమా?" అంటే "కుదరదు సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తర్వాత వేరే ఊళ్లోని సెంటర్‌కి ఫోన్ చేస్తే, కీ నంబరు ఉంటే తాళం మాత్రమే తెప్పించి కంప్యూటర్‌తో కలుపుతామన్నారు! కొత్త కారుతో పాటు తాళాల గుత్తికి చిన్న బిళ్ల వస్తుంది చూశారా, ఆ నంబరు అందుకే. మనం దాన్ని చెత్త అనుకుని పారేస్తాం.

ఇక రోడ్డు పక్క తాళాలాయన సంగతి. 1,200 తీసుకుని డోర్ లాక్ చూసి చక్కగా తాళం కోశాడు. తలుపు తెరుచుకుంది. ఇంజిన్ స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. "బ్యాటరీ వీక్ అయ్యుంటుంది" అంటూ ఆయన వెళ్లిపోయాడు. బ్యాటరీకి ఏ రోగమూ లేదు. తాళం ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ దాన్ని చదువుతుంది, కోడ్ కలవకపోతే కారు కంప్యూటర్ ఇంజిన్‌ని నడవనివ్వదు. రిమోట్ పనిచేయకపోయినా పర్లేదు గానీ చిప్ లేని తాళంతో కారు కదలదు. కాబట్టి ఇంజిన్ స్టార్టయి కనీసం పది నిమిషాలు నడిచాకే డబ్బులివ్వండి.

చివరికి ఆటోనగర్‌లో మెకానిక్ చెప్పిన ఒకాయన మెషిన్ తెచ్చి, స్టీరింగ్ కింద పోర్టుకి తగిలించి, గంటన్నరలో పని ముగించాడు. రెండు చిప్ తాళాలకు 7,000. పాత తాళం కోడ్ కూడా చెరిపించాను. ఆ 'ఓనర్ గారి దగ్గరున్న' తాళంతో ఇప్పుడు తలుపు తెరవగలరేమో గానీ ఇంజిన్ స్టార్ట్ చేయలేరు. ఇది అందరూ అడిగి చేయించుకోండి. తాళం ఒకటి చేతిలో ఉండగానే డూప్లికేట్ చేయించి ఉంటే రెండున్నర వేలతో పోయేదని ఆయనే అన్నాడు. నాకు టోయింగ్, కోత కూలితో కలిపి 10,700 అయింది, నాలుగు రోజుల టెన్షన్ కాక.

ఇన్సూరెన్స్‌లో తాళాలకు వేరే కవర్ ఉంటుంది, కానీ నా కారు వయసుకి అది ఇవ్వడం కుదరదన్నారు. ఇంకోటి, కారు దొంగతనానికి గురైతే క్లెయిమ్ చేసేటప్పుడు రెండు తాళాలూ చూపించమంటారు. ఒక్కటే ఉంటే రెండోది ఏమైందని ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే కొనేటప్పుడు ఒకే తాళం ఇస్తే, ఆ మాట అమ్మకం కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి.