కొత్త డీజిల్ పికప్ కొనే ముందు ఈ ఇంజిన్ ఆయిల్ సంగతి తెలుసుకోండి

టమాటా సీజన్‌కు కొత్త పికప్ బుక్ చేద్దామనుకుంటున్న అన్నలూ తమ్ముళ్ళూ, అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్న కొత్త మోడల్ డీజిల్ పికప్ ఏడాది తిరగకుండానే, వ్యారంటీలో ఉండగానే ఇంజిన్ బిగుసుకుపోయి సీజ్ అయింది. లీగల్ నోటీసు ఇచ్చాను కాబట్టి కంపెనీ పేరు, షోరూమ్ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు కంటే ఇంజిన్ ఎందుకు పోయిందో తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మా చుట్టుపక్కల ఊళ్ళ తోటల నుంచి అంగళ్ళు ఊరి మార్కెట్‌కు, మదనపల్లె మార్కెట్‌కు టమాటా బాక్సులు తోలడం నా పని. అన్నీ దగ్గర ట్రిప్పులే. తోట దగ్గర లోడయ్యేదాకా, మార్కెట్ గేటు దగ్గర వరుస కదిలేదాకా బండి స్టార్టింగ్‌లోనే ఉంటుంది. పాత బండి ఇలాగే ఏళ్ళ తరబడి తిరిగింది, దానికేమీ కాలేదు. ఎందుకంటే దానికి డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బళ్ళకు పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టర్ పెడుతున్నారు. అది మంచిదే, ఆ పొగ పీల్చేది మన పిల్లలే కదా. కానీ పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి. దానికి ఫిల్టర్ లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. హైవే మీద పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా పోతే ఆ పని పూర్తవుతుంది. ఆ వేడి కోసం చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకే కొంచెం అదనపు డీజిల్ కొడతాయి. మనం మధ్యలో బండి ఆపేస్తే మసి కాలడం సగంలో ఆగిపోతుంది, తర్వాత మళ్ళీ మొదలవుతుంది. ఇలా పదేపదే జరిగితే కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే మొదట దెబ్బ తినేవి టర్బో, క్రాంక్ బేరింగులు. నా బండిలో పోయినవీ అవే.

ఆయిల్ తగ్గితే అందరం కంగారు పడతాం, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా ఉన్న చోట ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంటే, ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి. జిగురు లేకుండా జారిపోతూ డీజిల్ వాసన కొడితే ఆ బండిని ఇక నడపొద్దు. ఫోటో తీసి సర్వీస్ సెంటర్‌కు పంపండి, ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు.

నా బండికి డీపీఎఫ్ లైటు వెలిగిన ప్రతిసారీ సర్వీస్ సెంటర్‌వాళ్ళు కంప్యూటర్ తగిలించి ఫిల్టర్‌లోని మసి కాల్చి పంపేశారు. ఆయిల్ ఎందుకు పెరుగుతోందని అడిగితే "కొత్త మోడల్ కదా అన్నా, అలాగే ఉంటుంది" అన్నారు. ఇంజిన్ పోయాక మాత్రం "డ్రైవింగ్ సరిగా లేదు" అని వ్యారంటీ తిరస్కరించారు. కొనేటప్పుడు నా రూట్ అంతా చెప్పాను, దగ్గర ట్రిప్పులకు ఈ బండి పనికిరాదని ఒక్కరూ అనలేదు. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉంది.

కొంతమంది మెకానిక్‌లు డీపీఎఫ్ పీకేస్తే సరిపోతుందంటారు. ఆ పని చేయొద్దు. అది చట్టరీత్యా తప్పు, పైగా వ్యారంటీకి అక్కడితో నీళ్ళొదులుకోవాల్సిందే.

ఇంకో మాటతో కూడా భయపెడతారు: "ఇది కమర్షియల్ బండి, కన్స్యూమర్ కోర్టులో మీ కేసు నిలవదు" అని. నమ్మొద్దు. కేవలం సొంత ఉపాధి కోసం, బతుకుతెరువు కోసం కొన్నదైతే అది వ్యాపార అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. తానే తోలుకోవడానికి లారీ కొన్న మనిషి కూడా వినియోగదారుడే అని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. బండి ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు 200 రూపాయలే. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయొచ్చు. కానీ చేతిలో కాగితాలుండాలి. బండి సర్వీస్‌కు ఇచ్చిన ప్రతిసారీ వాళ్ళు రాసే జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించుకోండి. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టొద్దు. నా దగ్గర రెండు కార్డుల మీద "ఆయిల్ లెవెల్ ఎక్కువ" అని ఉంది, నోటీసు ఇవ్వగలిగింది వాటి బలంతోనే.

కొత్తగా కొనేవాళ్ళు మీ ట్రిప్ ఎన్ని కిలోమీటర్లో, బండి ఎంతసేపు స్టార్టింగ్‌లో నిలబడుతుందో షోరూమ్‌లో చెప్పి, ఆ వాడకానికి ఈ ఇంజిన్ సరిపోతుందా అని అడగండి. సరిపోతుందంటే ఆ మాట కొటేషన్ మీద రాసి స్టాంపు వేయమనండి. రాయకపోతే వేరే బండి చూసుకోండి. సీఎన్జీ బంకు దగ్గర్లో ఉంటే ఆ పికప్‌లు, లేదంటే పెట్రోల్‌వి ఉన్నాయి, వాటికి ఈ డీపీఎఫ్ బాధ లేదు. ఇప్పటికే డీజిల్‌ది కొన్నవాళ్ళు రేపు పొద్దున బండి తీసే ముందు డిప్‌స్టిక్ చూడండి.