రియట్ మీద సీసీఎన్-లైట్: కొలతలు అడగడానికి భేష్, ఆజ్ఞలు ఇవ్వడానికి కష్టం

బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్ల నుంచి కొలతలు సేకరించడమే మీ పని అయితే, చిన్న పరికరాల కోసం చేసిన రియట్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపి వాడే సీసీఎన్-లైట్ తప్పక పరిశీలించదగిన సాఫ్ట్‌వేర్. అదే సాఫ్ట్‌వేర్‌తో తలుపు తాళం తెరిపించాలన్నా, పొగ అలారం కబురు క్షణాల్లో అందించాలన్నా అడుగడుగునా దాని స్వభావానికి ఎదురీదవలసి వస్తుంది. ఇది కోడ్‌లోని లోపం కాదు. కంటెంట్ కేంద్రిత నెట్‌వర్కింగ్ (సీసీఎన్) అనే పద్ధతికే ఉన్న బలమూ, బలహీనతా ఇందులో పక్కపక్కనే కనిపిస్తాయి.

వాన్ జేకబ్సన్, పార్క్ (పాలో ఆల్టో పరిశోధన కేంద్రం) పరిశోధనశాలలోని ఆయన సహచరులు కలిసి 2009లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో పరికరం చిరునామాతో పని లేదు. కావలసిన సమాచారాన్ని దాని పేరుతోనే అడుగుతాం. అడిగేది ఇంటరెస్ట్ ప్యాకెట్, జవాబుగా వచ్చేది డేటా ప్యాకెట్. దారిలోని ప్రతి నోడ్ (నెట్‌వర్క్‌లోని పరికరం), ఏ పేరు కోసం ఏ వైపు నుంచి అడిగారో గుర్తుంచుకొని, వచ్చిన డేటాను అదే దారిన వెనక్కి పంపుతుంది. వీలైతే ఒక ప్రతిని తన దగ్గర దాచుకుంటుంది. దీనిని సీ భాషలో, చిన్న పరికరాల్లో ఇమిడేలా రాసినది బాసెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సీసీఎన్-లైట్. సీసీఎన్ఎక్స్, ఎన్‌డీఎన్ అనే, ఈ పద్ధతికే చెందిన రెండు ప్రోటోకాల్‌ల ప్యాకెట్ రూపాలనూ ఇది అర్థం చేసుకుంటుంది.

పరీక్షించి చూడడానికి హార్డ్‌వేర్ కొనవలసిన పని లేకపోవడం నాకు బాగా నచ్చింది. రియట్‌ను లినక్స్‌లో మామూలు ప్రోగ్రామ్‌లా నడపవచ్చు కనుక, మూడు టెర్మినళ్లు తెరిస్తే మూడు నోడ్లు సిద్ధమైనట్లే. ఒకదానిలో ‘సీసీఎన్ఎల్_కాంట్’ ఆదేశంతో ఒక పేరు కింద విలువను ఉంచి, మిగతా రెండింటిలో ఆ పేరుకు దారి నమోదు చేసి, చివరి నోడ్ నుంచి ‘సీసీఎన్ఎల్_ఇంట్’తో అడగాలి. విలువ వచ్చాక మొదటి నోడ్‌ను పూర్తిగా ఆపివేసి మళ్లీ అదే పేరు అడిగినా, మధ్య నోడ్ దాచుకున్న ప్రతి నుంచి జవాబు రాగలదు. రోజులో ఎక్కువ భాగం రేడియో ఆపుకొని నిద్రపోవలసిన సెన్సర్‌కు ఇంతకన్నా కావలసినది ఏముంది! సెన్సర్‌ను నిద్ర లేపకుండానే పది మందికి దాని కొలత అందుతుంది. ప్యాకెట్ మధ్యలో పోతే మొదటి నుంచి కాక, పోయిన చోటి నుంచే మళ్లీ తెచ్చుకోవచ్చు. దారులు మాత్రం పొరుగు నోడ్ హార్డ్‌వేర్ చిరునామా ఇచ్చి చేత్తో నమోదు చేయాలి. మూడు నోడ్లకు సరే, ముప్పై నోడ్లకు ఇది ఓపికకు పరీక్షే.

అసలు తలనొప్పి తాజాదనం దగ్గర మొదలవుతుంది. ‘/హాలు/ఉష్ణోగ్రత’ అని అడిగితే, దారిలో ఎవరి దగ్గరో మిగిలిన పొద్దుటి ఉష్ణోగ్రతే సాయంత్రం కూడా జవాబుగా రావచ్చు. నెట్‌వర్క్ దృష్టిలో అది సరైన జవాబే. ఒక పేరుకు ఒకే డేటా అన్నది ఈ పద్ధతి మూలసూత్రం కనుక, ప్రతి కొలతకూ పేరు చివర సమయమో వరుస సంఖ్యో చేర్చాలి. అప్పుడు చివరి సంఖ్య ఎంతో అడిగేవారికి ఎలా తెలుస్తుంది అన్న మరో ప్రశ్న ఎదురవుతుంది. ఎన్‌డీఎన్‌లో తాజాగా ఉన్నదే కావాలని ఇంటరెస్ట్‌లో కోరే వీలుంది, కానీ అలా కోరిన ప్రతిసారీ కాష్ (దారిలో దాచుకున్న ప్రతుల) వల్ల కలిగే లాభం కొంత వదులుకున్నట్లే. పేర్ల అమరికను కాగితం మీద తేల్చుకోకుండా కోడ్ రాయడం మొదలుపెట్టవద్దని నా సలహా.

రెండవ ఇబ్బంది చోటు. ఐట్రిపుల్ఈ 802.15.4 రేడియో ఒక్కసారి పంపగల ఫ్రేమ్ 127 బైట్లు మాత్రమే. శీర్షికకు గరిష్ఠంగా పోగా మిగిలేది 102 బైట్లు. ఈ పద్ధతిలో భద్రత దారికి కాక డేటాకే అంటి ఉంటుంది గనుక ప్రతి డేటా ప్యాకెట్‌కూ అది అసలైనదేనని తేల్చే డిజిటల్ సంతకం అవసరం. పీ-256 వక్రరేఖతో చేసే ఈసీడీఎస్ఏ సంతకానికే 64 బైట్లు పోతే, పొడవైన పేరుకూ కొలతకూ మిగిలేది అత్తెసరే. ఉమ్మడి రహస్య కీతో చేసే హెచ్‌మ్యాక్ షా-256 అయితే 32 బైట్లతో సరిపోతుంది, కానీ ఆ కీ అన్ని పరికరాలకూ చేర్చే బాధ్యత మీదే. పేర్లనూ శీర్షికలనూ కుదించే విధానాన్ని 2021లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్ఎఫ్‌సీ 9139 వివరిస్తుంది. పేర్లు దారి పొడవునా బహిరంగంగా ప్రయాణిస్తాయన్నది కూడా మరువరాదు: కొలతను గుప్తపరిచినా, ‘/పడకగది/కదలిక’ అన్న పేరే చాలా విషయం చెప్పేస్తుంది.

ఇక ఆజ్ఞల, అలారాల సంగతి. ఎవరూ అడగకుండా డేటా పంపడం ఇక్కడ కుదరదు. పొగ కనిపించిన సెన్సర్ తానే కబురు పంపాలంటే, ఎవరో ముందుగానే ఇంటరెస్ట్ పంపి ఉంచి, గడువు తీరినప్పుడల్లా మళ్లీ పంపుతూ ఉండాలి. లేదా కబురును ఇంటరెస్ట్‌లోనే దూర్చాలి. రెండూ అతుకులే. చిన్న పరికరాలు వాడే ఇతర ప్రోటోకాల్‌ల సంగతి వేరు: కోయాప్‌లో ‘అబ్జర్వ్’ సౌకర్యంతోనూ, ఎంక్యూటీటీలో చందా పద్ధతితోనూ ఇది ఏ హడావిడీ లేకుండా జరిగిపోతుంది.

ఎన్‌డీఎన్, కోయాప్, ఎంక్యూటీటీలను రియట్ పరికరాల మీద పోల్చి 2018లో ప్రచురించిన కొలతల అధ్యయనం కూడా ఇదే వైపు చూపుతుంది: అనేక నోడ్ల మీదుగా సాగే నెట్‌వర్క్‌లో ఎన్‌డీఎన్ నిలకడగా పని చేసింది, ఒక్క అంగలో చేరే చోట తేలికైన పాత ప్రోటోకాల్‌లే మెరుగు. కనుక మీ పరికరాలన్నీ నేరుగా, బయటి నెట్‌వర్క్‌తో కలిపే గేట్‌వేకు అందే దూరంలో ఉంటే కోయాప్ చాలు. సెన్సర్లు దూరదూరంగా ఉండి, సంకేతం తరచూ తెగిపోతూ, ఒకే కొలత పలువురికి కావలసి వస్తే సీసీఎన్-లైట్‌తో మొదలుపెట్టండి. తాళాలనూ అలారాలనూ మాత్రం వేరే ప్రోటోకాల్‌కు అప్పగించండి.