తరగతిలో ఎంతమంది, బోర్డు దగ్గర ఎవరు: చాలా ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

తొందరలో ఉన్నవాళ్ల కోసం రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా. చిన్న తరగతికి 5కి 3. మంచి టీచరుకు 5కి 4న్నర. రెండూ కలిసి దొరికితే 5కి 5, మారు మాట లేదు. చిన్న తరగతిలో పని రాని టీచరు ఉంటే మాత్రం 2 దాటదు. ఆ 2 కూడా గొడవ తక్కువగా ఉంటుందనే ఇస్తున్నా.

20 మంది సెక్షన్, 40 మంది సెక్షన్, 60 మంది సెక్షన్ మూడూ ఏళ్ల తరబడి వాడాక తేలిన సంగతి ఒకటే. పిల్లల సంఖ్య తగ్గితే టీచరుకు మిగిలేది టైము. అంతకుమించి ఏమీ మిగలదు. ఆ టైముతో ఏం చెయ్యాలో తెలిసిన మనిషికి అది వరం. తెలియని మనిషి 60 మందికి చెప్పిన పాఠాన్నే 20 మందికి చెబుతారు, అదీ అదే గొంతుతో.

ముందు లెక్క చూడండి. పీరియడ్ 45 నిమిషాలు. పిల్లలు సర్దుకోవడం, హాజరు, నిన్నటి హోంవర్కు ఎవరు తెచ్చారు ఎవరు తేలేదు అన్న పంచాయితీ కలిపి 5 నిమిషాలు. బోర్డు మీద వివరించడానికి 20. మిగిలింది 20 నిమిషాలు. 60 మందిలో ఒక్కొక్కరికి 20 సెకన్లు. 40 మందిలో అర నిమిషం. 20 మందిలో నిమిషం. అర నిమిషంలో నోటుబుక్కులో జవాబు తప్పో ఒప్పో కనిపిస్తుంది. ఎలా వచ్చిందో అడిగే వ్యవధి ఉండదు. నిమిషం ఉంటే అడగొచ్చు. చిన్న తరగతి ఇచ్చే అసలు సౌకర్యం ఆ ఒక్క ప్రశ్నే.

ఆ ప్రశ్న విలువ తెలియాలంటే ఒక లెక్కను దగ్గరగా చూడాలి. 52లోంచి 27 తీసెయ్యమంటే పిల్లవాడు 35 అని రాస్తాడు. ఇంటూ కొట్టి పక్కన 25 అని రాసేస్తే దిద్దడం అయిపోయింది, తప్పు మాత్రం అక్కడే ఉంది. ‘ఇది ఎలా చేశావురా?’ అని అడిగితే, ‘7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 2 తీస్తే 3’ అంటాడు. అంటే వాడికి తీసివేత వచ్చు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తియ్యాలన్న సొంత రూలు ఒకటి పెట్టుకున్నాడు, పైన ఏది ఉంది కింద ఏది ఉంది అన్నది చూడట్లేదు. ‘అప్పు తెచ్చుకో’ అని పదిసార్లు చెప్పినా ఈ రూలు పోదు. పది పుల్లల కట్టలు 5, విడి పుల్లలు 2 చేతికిచ్చి, అందులోంచి 27 ఇమ్మనాలి. 2 విడి పుల్లలతో 7 ఇవ్వలేక తనే ఒక కట్ట విప్పుతాడు. ఇప్పుడు 4 కట్టలు, 12 పుల్లలు. అందులోంచి 2 కట్టలు, 7 పుల్లలు ఇస్తే మిగిలేవి 25. మొత్తం నిమిషంన్నర పని.

40 మంది తరగతిలో ఇదే తప్పు 8 మంది చేస్తారనుకుందాం. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్తే 12 నిమిషాలు పోతాయి. పని తెలిసిన టీచరు ఆ 8 మందినీ ఒకచోట కూర్చోబెట్టి 4 నిమిషాల్లో ముగిస్తారు. ఆ 4 నిమిషాలూ మిగతా 32 మంది ఖాళీగా ఉండకుండా లెక్కలు ముందే బోర్డు మీద సిద్ధంగా ఉంటాయి, చివరి రెండూ కాస్త ముడివేసినవి. టీచరు నాణ్యత అంటే నా దృష్టిలో ఇదీ: తప్పును రకాలుగా విడగొట్టడం, మిగతావాళ్లకు పని ముందే పెట్టి ఉంచడం. డిగ్రీ పట్టాలో ఈ రెండూ కనిపించవు. అనుభవం కూడా మొదటి నాలుగైదేళ్లు బాగా పని చేస్తుంది, ఆ తర్వాత దాని జోరు తగ్గుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నంత మాత్రాన ఐదేళ్ల సర్వీసుకు నాలుగింతలు వచ్చేసిందనుకోవద్దు.

అయితే ఎంత గొప్ప టీచరుకైనా ఒక గోడ ఉంది. అది నోటుబుక్కుల దొంతర. ఐదు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది అంటే 200 పుస్తకాలు. ఒక్కోదానికి 3 నిమిషాలు వేసినా 10 గంటలు. వారానికి ఒక్కసారి దిద్దినా సరే, టైంటేబుల్లో అన్ని ఖాళీ పీరియడ్లు ఉండవు. ఏమవుతుంది? పేజీ కింద ఒక పెద్ద టిక్కు, సంతకం, తేదీ. లోపల తప్పులు ఉన్నవి ఉన్నట్టే. సెక్షనుకు 20 మంది అయితే అదే పని 5 గంటల్లో తెములుతుంది. భాషల టీచర్లకు ఈ తేడా అందరికంటే ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే వ్యాసం 3 నిమిషాల్లో దిద్దేది కాదు. 40 దాటితే పిల్లల చేత పెద్ద రాత రాయించడమే మానేస్తారు. ఒకటి రెండు మాటల జవాబులు, ఖాళీలు పూరించడం మిగులుతాయి. సైజు చేసే నష్టాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, పరీక్ష మార్కుల్లో వెంటనే బయటపడదు గనక.

సొంత వాడకం పక్కన పెట్టి పెద్ద ప్రయోగాలు చూసినా కథ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టి నాలుగేళ్లు, కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా, ‘స్టార్’ పేరుతో ఒక ప్రయోగం చేశారు. 13 నుంచి 17 మంది ఉన్న చిన్న తరగతులు, 22 నుంచి 25 మంది ఉన్న మామూలు తరగతులు, అదే మామూలు సైజులో ఒక సహాయకురాలిని అదనంగా పెట్టినవి. పిల్లలనూ టీచర్లనూ చీటీలు తీసినట్టు పంచారు, అందుకే దానికి అంత పేరు. చిన్న తరగతుల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు, పేద ఇళ్ల పిల్లలకు లాభం ఇంకా ఎక్కువ. సహాయకురాలిని పెట్టిన తరగతులకు మాత్రం చెప్పుకోదగ్గ లాభం రాలేదు. ఈ చివరి ముక్కను చాలామంది వదిలేస్తారు. రెండో మనిషిని గదిలో నిలబెట్టి ‘తరగతికి ఇద్దరు’ అని ప్రచారం చేసుకునే ఏర్పాటుకు నేను 5కి 1న్నర మించి ఇవ్వను. ఆ మనిషి పాఠం ముందే చూసుకుని, ఫలానా ఆరుగురికి ఫలానా పని అని రాసుకుని వస్తే తప్ప, పెన్సిళ్లు చెక్కడం దగ్గరే ఆగిపోతుంది.

టెనెస్సీ ఫలితం చూసి కాలిఫోర్నియా 1996లో మూడో తరగతి దాకా ఉన్న తరగతుల సైజును దాదాపు 30 నుంచి 20కి దించింది, రాష్ట్రమంతా ఒకేసారి. ఉన్నట్టుండి వేల మంది కొత్త టీచర్లు కావలసి వచ్చారు. పూర్తి శిక్షణ లేనివాళ్లను తీసుకోక తప్పలేదు. గదులు చాలక లైబ్రరీలనూ ఇతర గదులనూ తరగతులు చేశారు. అనుభవం ఉన్న టీచర్లు కొందరు పేద బడులు వదిలి మెరుగైన చోట్లకు మారిపోయారు. ఒక చేత్తో ఇచ్చిన టైమును రెండో చేత్తో తీసుకున్నట్టయింది. లాభం వచ్చింది గానీ కొంచెమే, ఫలానా కారణం వల్లే అని తేల్చి చెప్పడమూ కష్టమైంది.

ఇజ్రాయెల్లో ఒక పాత నియమం ఉంది, తరగతికి 40 మించకూడదని. 40 మంది చేరితే ఒకటే తరగతి. ఇంకొక్కరు చేరి 41 అయితే 21, 20గా రెండు. ఈ ఒక్క పిల్లవాడి తేడాను పట్టుకుని 1999లో ఇద్దరు ఆర్థికవేత్తలు చిన్న తరగతికి లాభం ఉందని చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో, కొత్త డేటాతో అదే లెక్క మళ్లీ వేస్తే ఆ లాభం కనపడలేదని వాళ్లే రాశారు. ‘సైజు తగ్గిస్తే చాలు’ అనేవాళ్లకూ ‘సైజుతో పనే లేదు’ అనేవాళ్లకూ ఇది చూపించాలి.

బడి ఎంచుకునేవాళ్లు తరచుగా పడే గుంట ఇంకొకటి. కరపత్రంలో ‘23 మందికి ఒక టీచరు’ అని ఉంటుంది. తరగతిలోకి తొంగి చూస్తే 40 మంది. అబద్ధమేమీ కాదు, లెక్క వేరు. 600 మంది పిల్లలు, 40 చొప్పున 15 సెక్షన్లు. వారానికి సెక్షనుకు 48 పీరియడ్లు అంటే మొత్తం 720. ఒక టీచరు వారానికి 28 పీరియడ్లు తీసుకుంటే దాదాపు 26 మంది కావాలి. 600ను 26తో భాగిస్తే 23. కాబట్టి నిష్పత్తి అడగొద్దు. ‘మా పిల్ల కూర్చునే సెక్షన్‌లో హాజరు పట్టీ మీద ఎన్ని పేర్లు?’ అని అడగండి. దాంతోపాటు, టీచరు సెలవు పెట్టిన రోజు రెండు సెక్షన్లు కలిపేస్తారా అనీ అడగండి. ఏడాదిలో అలాంటి రోజులు చాలా వస్తాయి, ఆ రోజుల్లో 25 మంది తరగతి 50 అయిపోతుంది.

పెద్ద తరగతిని తప్పించుకోలేని చోట ఏం పని చేస్తుందో జపాన్ టీచర్ల దగ్గర నేర్చుకోవచ్చు. అక్కడ ప్రాథమిక బడుల్లో పరిమితి 40 ఉండేది. దాన్ని అన్ని తరగతులకూ మెల్లగా 35కు దించాలని 2021లో చట్టం మార్చారు. అంత పెద్ద తరగతుల్లోనూ లెక్కల పాఠం నడిచేది ఎలాగంటే, ఒకే ఒక్క సమస్య ఇచ్చి పిల్లలను సొంతంగా చెయ్యనిస్తారు. ఆ పది నిమిషాలూ టీచరు బెంచీల మధ్య తిరుగుతూ, కూర్చునే చోట్ల పట్టిక చేత పట్టుకుని, ఎవరు ఏ పద్ధతిలో చేశారో గుర్తు పెట్టుకుంటారు. తర్వాత మూడు నాలుగు పద్ధతులను వరుస చూసి బోర్డు మీదికి పిలుస్తారు, సగంలో తప్పిన పద్ధతి ముందు, పొట్టి దారి చివర. బోర్డును మధ్యలో తుడవరు, పీరియడ్ అయ్యేసరికి పాఠమంతా ఎడమ నుంచి కుడికి కనిపిస్తుంది. ఇది వాడి చూడండి. మొదటి నెల తడబాటు తప్పదు, పట్టికలో గుర్తులు పెట్టేసరికే పది నిమిషాలూ అయిపోతాయి. అలవాటయ్యాక 40 మందిలోనూ ఎవరు ఎక్కడ ఆగారో తెలుస్తుంది. 50 దాటితే మాత్రం బెంచీల మధ్య నడిచే దారే ఉండదు, పద్ధతి కూలిపోతుంది.

టీచరు ఎలాంటివారో తెలుసుకోవడానికి పది నిమిషాలు తరగతి వెనక కూర్చుంటే చాలు. బోధన నచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి మూడు పనులు చెయ్యండి. మొదటిది, ఎంతమంది వేరు వేరు పిల్లలు నోరు విప్పారో గీతలు గీసుకోండి. ముందు బెంచీలో అదే నలుగురు ఆరేసిసార్లు మాట్లాడితే తరగతి 20 అయినా 60 అయినా ఒకటే. రెండోది, ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగారో మనసులో లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు టేపులు విని తేల్చింది: టీచర్లు సగటున సెకను మాత్రమే ఆగుతారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మామూలుగా మాట్లాడనివాళ్లూ మాట్లాడతారు. 3 సెకన్ల నిశ్శబ్దం వినడానికి చిన్నదే గానీ బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లకు యుగంలా ఉంటుంది. మూడోది, తప్పు జవాబు వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. ‘కాదు, ఇంకెవరు?’ అని ముందుకు పోయారా, లేక ఆ తప్పు దగ్గరే ఒక్క క్షణం నిలబడ్డారా?

మరీ చిన్న తరగతి మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. 8 మంది కంటే తగ్గితే జట్లు కుదరవు, ఇద్దరు రాకపోతే చర్చ చచ్చిపోతుంది, ఒక్క గట్టి పిల్లవాడు గది మొత్తాన్ని ఏలేస్తాడు. నా వాడకంలో చదవడం నేర్పే తరగతులకు 15 నుంచి 20, పై తరగతులకు 25 నుంచి 30 హాయిగా నడిచాయి. సైన్సు ప్రయోగాలకు మాత్రం తరగతి సైజు చూడొద్దు, సామాను చూడండి. సూక్ష్మదర్శినులు 6 ఉంటే 24 మంది దాటితే మిగతావాళ్లు ప్రేక్షకులే.

బడికి ఒక్క టీచరును అదనంగా పెట్టుకునే వీలుంటే పదో తరగతికి ఇవ్వడం అలవాటు, ఫలితాలు అక్కడే కనిపిస్తాయని. నేనైతే ఒకటి, రెండు తరగతులకు ఇస్తాను. అక్కడ పిల్లలను ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక నిమిషం చదివించి, తడబడిన అక్షరాలకు గుర్తు పెట్టాలి. పుస్తకం తెరవడం, గుర్తులు పెట్టడం కలిపి మనిషికి 2 నిమిషాలు. 40 మందికి రోజుకు నలుగురు చొప్పున పది పనిదినాలు పడుతుంది, రోజుకు 8 నిమిషాలు. పదకొండో రోజు మళ్లీ మొదటి నలుగురితో మొదలు. వరుసలో ఎవరైనా ఆ రోజు రాకపోతే పేరు పక్కన చుక్క పెట్టి మర్నాడు ముందు వాళ్లనే పిలవాలి, లేదంటే తరచుగా బడి మానేసే పిల్లలే జాబితాలోంచి జారిపోతారు.